చెల్లెకు రాసిచ్చిన జవాబులు

శంషాబాద్ బస్టాండు పక్కన చాయ్ బండి దగ్గర కొత్తవాళ్లెవరైనా కనిపిస్తే నేనొక అబద్ధం చెప్తాను. విమానాశ్రయంలో తెలుగులో వినిపించే గొంతు నాదేనంటాను. విమానం ఆలస్యమని చెప్పేదీ, సామాను జాగ్రత్త అనేదీ నేనే అంటాను. వాళ్లు నా గొంతు విని నమ్ముతారు. ఒకసారి మంఖాల్ ఊరి ఆయన ఒకడు, "నేను పోయినప్పుడు ఆడామె గొంతు గద వచ్చింది" అన్నాడు. "పొద్దుగాల ఆమె, పొద్దుమీకినంక నేను" అన్నాను. అదీ నమ్మాడు. నిజానికి ఆ విమానాశ్రయం లోపలికి నేను ఒక్కసారి కూడా పోలేదు. గాజు తలుపుల దాకా రెండుసార్లు వెళ్లాను, ఎవరినో దింపడానికి.

ఇది చిన్న అబద్ధం, దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. ఇంకొకటి ఉంది. నా చెల్లెలు తన కిడ్నీ నాకిస్తానన్నప్పుడు మూడుసార్లు వద్దన్నాననీ, నాలుగోసారి ఆమె ఏడిస్తే ఒప్పుకున్నాననీ బంధువులందరికీ చెప్పాను. పెళ్లిళ్లలో చెప్పాను, చావు ఇళ్లలో కూడా చెప్పాను. ఆ కథలో ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో నాకు బాగా తెలుసు. ఎదుటివాళ్ల కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఆగేవాణ్ణి. ఇప్పుడు డెబ్బై ఒకటి దాటాయి. ఆ కథను సరిచేయాలని కూర్చున్నాను.

రేడియోలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. వార్తలూ వాతావరణమూ కూడా చదివాను గానీ, ఎక్కువ కాలం చూసింది రైతుల కార్యక్రమం. నా గొంతు వినగానే పొలంలో ఎడ్లు ఆగేవని చెప్పుకునేవాణ్ణి. ఎడ్ల సంగతి నాకు తెలియదు. రోజూ సంచులకొద్దీ ఉత్తరాలు వచ్చేవని కూడా చెప్పేవాణ్ణి. వారానికి నాలుగో అయిదో వచ్చేవి. అవి చాలనప్పుడు నేనే ఉత్తరాలు రాసుకుని, నేనే చదివి, నేనే జవాబు చెప్పేవాణ్ణి. కాటేదాన్ నుంచి ఒక కార్మిక సోదరుడు పెరటి తోటకు పట్టిన పురుగు గురించి అడిగాడని ఒకసారి చదివాను. ఆ సోదరుడూ లేడు, ఆ తోటా లేదు.

రైతులను స్టూడియోకి పిలిపించి మాట్లాడించడం నా ముఖ్యమైన పని. పొలంలో గలగల మాట్లాడే మనిషి, ఎర్ర దీపం వెలగగానే రాయైపోతాడు. చెమటలు పట్టేస్తాయి. మాకున్నది అయిదున్నర నిమిషాలు. అందుకని ప్రశ్నలతో పాటు జవాబులూ నేనే రాసేవాణ్ణి. వాటికి అంకెలు వేసి, మూడుసార్లు కంఠతా పట్టించేవాణ్ణి. రికార్డింగులో మరిచిపోతే, మైకు ఇవతల నుంచి వేళ్లు చూపించేవాణ్ణి. రెండు వేళ్లంటే రెండో జవాబు, నాలుగంటే నాలుగోది. "సకాలంలో సస్యరక్షణ చర్యలు చేపట్టడం వలన అధిక దిగుబడి సాధించాను" అని ఇంట్లో ఎన్నడూ అనని మాటలు ఆ రైతులు నా వేళ్ల వంక చూస్తూ చెప్పేవారు. బయటికి వచ్చాక, "మంచిగ చెప్పిన్నా సారు?" అని అడిగేవారు. మంచిగ చెప్పినవు అనేవాణ్ణి. ఎవరి నోట్లోనైనా మాట పెట్టగలనని నాకు గర్వంగా ఉండేది.

వాతావరణ సూచన మొత్తం ఒకే ఊపిరిలో చదివేవాణ్ణని చెప్పుకుంటాను. రెండు ఊపిర్లు పట్టేది. ఉద్యోగం చివరి ఏడాది అది నాలుగైంది, తర్వాత ఏడైంది. ఒకరోజు "ఓ మోస్తరు నుంచి" దగ్గర ఊపిరి తెగి, "భారీ వర్షాలు" అనడానికి మూడు క్షణాలు పట్టింది. ఆ మూడు క్షణాలూ గొంతు పట్టుకుని ఎవరో కిందికి లాగుతున్నట్టు అనిపించింది. ఆ రోజు నుంచి పెన్సిల్‌తో వాక్యాలను ముక్కలు చేసుకుని చదవడం మొదలుపెట్టాను. కుర్రవాళ్లు అడిగితే ఇది కొత్త పద్ధతి, చిన్న వాక్యాలే శ్రోతలకు నచ్చుతాయి అన్నాను. పాదాల దగ్గర మేజోళ్ల గీతలు లోతుగా పడేవి. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బేది. బీపీ మాత్రలు నేను ఎప్పుడో మానేశాను. వేసుకుంటున్నానని మా ఆవిడకు చెప్పేవాణ్ణి.

రెండు కిడ్నీలూ దాదాపు పోయాయని డాక్టరు చెప్పిన రోజు సిటీ నుంచి బస్సులో వస్తూ ఆరాంఘర్ దగ్గర దిగిపోయాను. ఎందుకు దిగానో నాకే తెలియదు. కాటేదాన్ వైపు నడిచి, ఒక ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడ్డాను. అప్పుడే షిఫ్టు వదిలారు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని, అలసిపోయి, ఒకరినొకరు తిట్టుకుంటూ పనివాళ్లు పోతున్నారు. వాళ్లలో ఎవరినైనా ఆపి నాకు భయంగా ఉందని చెప్పాలనిపించింది. ముప్పై మూడేళ్లు రాష్ట్రం మొత్తంతో మాట్లాడినవాణ్ణి, ఆ రోడ్డు మీద ఒక్క మనిషితో ఆ మాట అనలేకపోయాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది. "డాక్టరేమన్నడు?"

"నీళ్లు జర తక్కువ తాగమన్నడు."

"గామాట చెప్పెతందుకు గిన్ని పరీక్షలు చేసిండ్రా?" అని నా చేతిలో కాగితాలు లాక్కుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నా ముఖం చూసి చదువుకుంది.

వారానికి మూడు రోజులు డయాలసిస్. ఎడమ చేతిలో నరాలు రెండు కలిపి కుట్టారు, సూదులు గుచ్చడానికి వీలుగా. కుట్టిన చోట రక్తం వేగంగా పారి, లోపల నుంచి ఒక గుయ్‌మనే మోత వస్తుంది. చెయ్యి చెవికి ఆనించుకుంటే, స్టేషను సరిగా అందని రేడియోలా వినిపిస్తుంది. ఆ మోత ఆగితే దారి మూసుకుపోయినట్టు లెక్క అని నర్సు చెప్పింది. ఆ రోజు నుంచి లేవగానే మొదటి పని చెయ్యి చెవికి పెట్టుకోవడం. ఒకసారి తెల్లవారుజామున ఏమీ వినబడలేదు. మా ఆవిణ్ణి లేపాను. ఆమె చూసి, "అది కుడి చెయ్యి" అని అటు తిరిగి పడుకుంది. నా చేతి మోత ఒకసారి ఆగిపోయి మళ్లీ దానంతటదే మొదలైందని నేను చెప్పే కథ ఇదే.

రోజుకు ఒక లీటరు నీళ్లే, చాయ్, పప్పులో నీళ్లు అన్నీ కలిపి. స్టీలు గ్లాసుతో కొలుచుకునేవాణ్ణి. నాలుక ఎండి అంగిట్లో అతుక్కుపోయేది. పైనుంచి విమానం దిగుతుంటే అందులో వాళ్ల ముందు పెట్టే నీళ్ల సీసాలు గుర్తుకొచ్చేవి.

డయాలసిస్‌లో నా పక్క మంచం ఒక ముసలాయనది. శంషాబాద్‌లోనే లారీల మెకానిక్కుగా బతికిన మనిషి. నన్ను రేడియో సాబ్ అనేవాడు. సూదులు గుచ్చగానే అడిగేవాడు, "రేడియో సాబ్, ఇయ్యాల మౌసం ఎట్లున్నది, జర చెప్పు."

నేను గొంతు సవరించుకుని చెప్పేవాణ్ణి. "గదిలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. అక్కడక్కడ బీపీ పడిపోయే సూచనలున్నాయి. మూలమీది మంచానికి తుఫాను హెచ్చరిక."

"గా మూలమీద మంచం నాదే గద సాబ్" అని నవ్వేవాడు.

ఒక గురువారం ఆయన రాలేదు. శనివారం నర్సు ఆ మంచం మీద దుప్పటి మార్చింది. కొంతసేపటికి ఆ మంచం మీద ఇంకెవరినో పడుకోబెట్టారు. ఆ నాలుగు గంటలూ మిషను పిల్లిలా అరిచినప్పుడల్లా నేను ఉలిక్కిపడ్డాను. ఆ రోజు మూలమీది మంచానికి తుఫాను అన్నది నేనే కదా అనుకున్నాను.

ఆ మరునాడే చెల్లె వచ్చింది. ఆమెది రావిర్యాల. నాకంటే ఏడేళ్లు చిన్నది. ఇద్దరు కొడుకుల పెళ్లిళ్లయ్యాయి. ఇంకా పొలంలో వంగి పని చేస్తుంది. అప్పటికే మా ఆవిడకు షుగరు ఉందనీ, ఆమె ఇవ్వడానికి పనికిరాదనీ తేల్చారు. మాకు పిల్లలు లేరు. చెల్లె ఒక సంచి నిండా టమాటలు తెచ్చింది. అవి నేను తినకూడదని మా ఆవిడ చెబితే, సంచి మంచం కిందికి తోసి, నేను గ్లాసుతో నీళ్లు కొలుచుకోవడం చూస్తూ కూర్చుంది.

"నాకు రెండున్నయి గద అన్నా" అంది. "ఒకటి తీస్కో."

ఇక్కడే నేను మూడుసార్లు వద్దన్నానని చెప్పేది. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. దుప్పటి మార్చిన మంచం కళ్లముందే ఉంది. నా నోట వెంటనే వచ్చిన మాట ఇది: "బావను అడిగినవా?"

అంటే అప్పుడే పుచ్చుకున్నట్టే. చెల్లె నా ముఖం వంక ఒక క్షణం చూసింది. "అడుగుత" అంది.

రెండు రోజుల తర్వాత బావ వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి.

"తీసినంక పొలం పని చేస్తదా?" అన్నాడు.

"ఒక్క కిడ్నీతో మనిషి నిండు నూరేళ్లు బతుకుతడు బావా. మూడు నెలలు బరువులెత్తద్దు, గంతే. డాక్టర్లే చెప్పిండ్రు" అని నేను అనర్గళంగా చెప్పుకుపోయాను. డాక్టర్లు జాగ్రత్తలూ చెప్పారు, అరుదుగా జరిగే ప్రమాదాలూ చెప్పారు. ప్రమాదాల మాట నేను ఎత్తలేదు.

బావ కుర్చీ వెనక్కి జరిపాడు. "నువ్వు చెప్తే నిజమే అనిపిస్తది బావా. గదే నాకు భయం" అన్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. గడప దాటాక, "ఆమె ఇష్టం" అన్నాడు.

పరీక్షలు చేశారు. రక్తం కలిసింది, మిగతావీ కలిశాయి. ఇక మిగిలింది కమిటీ. కిడ్నీ ఇచ్చేవాళ్లు నిజంగా తమ ఇష్టంతోనే ఇస్తున్నారా, ఎవరైనా భయపెట్టారా, ఆశ పెట్టారా అని ఆసుపత్రిలో కొందరు పెద్ద డాక్టర్లూ, బయటివాళ్లూ కూర్చుని అడుగుతారు. కెమెరాతో అంతా రికార్డు చేస్తారు. వాళ్లు సరేనంటేనే ఆపరేషను. మా కాగితాలు చూసే ఆసుపత్రి అమ్మాయి ముందే చెప్పింది. "సార్, లోపల ఏం మాట్లాడాలో ఆమెకు మీరేం నేర్పకండి. ఆమెకు తోచింది చెప్పనివ్వండి."

ఆ మాట మామూలు జనానికి అనుకున్నాను. రికార్డింగు అన్న మాట వినగానే నాకు తెలిసింది ఒక్కటే పని. ఆ సాయంత్రమే తెల్లకాగితం మీద ఏడు ప్రశ్నలు, ఏడు జవాబులు రాసి, అంకెలు వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, చెల్లె తడబడుతుందని కాదు నా భయం. వదిలేస్తే తన మాట తను చెబుతుంది. ఆ మాట ఏమిటో నాకు తెలియదు. అదీ నా భయం.

నాలుగు సాయంత్రాలు ఆటోలో రావిర్యాల పోయాను. చెల్లె అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటే, నేను ఎదురుగా కుర్చీ వేసుకుని చేతి గడియారం చూస్తూ చెప్పించాను.

"నేను నా స్వేచ్ఛానుసారం, ఎవరి ఒత్తిడీ, ఎటువంటి ప్రలోభమూ లేకుండా" అని ఆమె అప్పజెప్పింది. "గిట్ల మాట్లాడితే నేను నీ చెల్లెననుకుంటరా, ఎవలో టీచరమ్మ అనుకుంటరా?"

"ఆఫీసుల గట్లనే మాట్లాడాలె. మళ్లొకసారి చెప్పు, ఒత్తిడీ దగ్గర జర ఆగు."

"మర్చిపోతే?"

"నేను పక్కనే ఉంట గద. వేళ్లు చూపిస్త. మూడు వేళ్లు చూపిస్తే మూడోది చెప్పు."

ఆమెకు చిన్నప్పటి నుంచీ జ్ఞాపకశక్తి ఎక్కువ. మూడో సాయంత్రానికి ఏడూ వచ్చేశాయి. అప్పుడు చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపి, "అన్నా, నేను నిన్నొకటి అడగాలె" అంది.

"ముందుగాల గిది కానియ్యి. తర్వాత అడుగుదువు" అన్నాను. నాలుగో సాయంత్రం ఆమె అడగలేదు. నేనూ గుర్తుచేయలేదు.

కమిటీ గదిలో పొడవాటి బల్లకు అవతల అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో ఒక డాక్టరమ్మ. మా ఇద్దరినీ ఇవతల కుర్చీల్లో కూర్చోబెట్టారు. మూలన కెమెరా మీద చిన్న ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపం చూడగానే నా వీపు నిటారుగా అయింది. చెల్లె కూడా నిటారుగా కూర్చుంది. నాలుగు రోజులు నన్ను చూసి నేర్చుకుంది కదా.

"మీరెందుకు ఇస్తున్నారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. ఆవిడది కోస్తా మాట.

చెల్లె మొదటి జవాబు తప్పు లేకుండా చెప్పింది. ఒత్తిడీ దగ్గర ఆగింది కూడా. నాకు సంతోషం వేసింది. తర్వాతి ప్రశ్నకూ అంతే. డాక్టరమ్మ కలం కింద పెట్టి, చెల్లెను కొంచెం వంగి చూసింది.

"ఆపరేషన్ అయ్యాక ఇంట్లో మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు?"

అది నేను రాయలేదు. ఏడింటిలో ఎక్కడా లేదు. నిజానికి నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. చెల్లె నోరు తెరిచి, మూసి, నావైపు తిరిగింది. గదిలో నిశ్శబ్దం. మైకు ముందు నిశ్శబ్దం వస్తే నా ఒంట్లో ఏదో తెగిపోతుంది. నా చెయ్యి దానంతటదే లేచింది. ఏదో ఒకటి చెప్పించాలని అయిదు వేళ్లూ చూపించాను.

చెల్లె డాక్టరమ్మ వైపు తిరిగి, స్పష్టంగా, గట్టిగా చెప్పింది. "లేదు. నేను ఎటువంటి ధనముగానీ, కానుకలుగానీ స్వీకరించలేదు."

అయిదుగురూ నన్ను చూశారు. నా చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"ఆ మాట నేను అడగలేదమ్మా" అంది డాక్టరమ్మ.

"అయిదు వేళ్లు చూపిచ్చిండు మేడం. అయిదోది గదే" అంది చెల్లె. "మా అన్న రాసిచ్చిండు. ఇంక నాలుగున్నయి, చెప్పమంటరా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "మీరు రేడియోలో చేసేవారు కదండీ" అని నన్ను అడిగింది. "మా నాన్నగారు రోజూ వినేవారు." ఆ తర్వాత పక్కవాళ్లతో నెమ్మదిగా ఏదో మాట్లాడింది. ఈసారికి అనుమతి ఇవ్వడం లేదన్నారు. మూడు వారాల తర్వాత ఆమెను ఒక్కదాన్నే పిలుస్తామన్నారు. అప్పటిదాకా ఈ విషయం గురించి నేను ఆమెతో ఒక్క మాట మాట్లాడకూడదన్నారు.

బయటికి వచ్చాక చెల్లె అడిగింది. "నువ్వు చెప్పినట్టే చెప్పిన గద. ఏం తప్పయింది?"

నేను ఆటోను పిలిచాను.

ఆ మూడు వారాలు నేను ఎలా బతికానో చెప్పడానికి ఎన్నో పెద్ద మాటలు వాడుకోవచ్చు. వాడను. భయపడ్డాను. చెల్లె ఫోను చేస్తుందేమోనని భయం, చేయదేమోనని భయం. చేస్తే "తిన్నవా" అని అడిగేది, "తిన్న" అనేవాణ్ణి, పెట్టేసేవాళ్లం. రెండోవారం ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరి, ఒక రోజంతా కూర్చునే ఉన్నాను, పడుకుంటే ఊపిరాడక. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. దాన్ని కూడా రాయాలి. ఆమె వద్దంటే ఆమెను మళ్లీ ఎలా ఒప్పించాలా అని మనసులో మాటలు కూర్చుకున్నాను. ఏ మాట ముందు, ఏది తర్వాత, ఎక్కడ గొంతు తగ్గించాలి. అమ్మ చనిపోయేటప్పుడు చెల్లె చెయ్యి నా చేతిలో పెట్టిందని చెబుదామనుకున్నాను. అమ్మ అలా పెట్టలేదు. కూర్చుని ఊపిరికోసం కొట్టుకుంటూ కూడా నేను అబద్ధాన్ని దిద్దుకుంటున్నాను.

రెండోసారి పిలిచిన రోజు నన్ను కింద హాలులోనే ఉంచారు. చెల్లె ఒక్కతే పైకి పోయింది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. లోపల ఏం జరుగుతోందో ఒక్క ముక్క కూడా నాకు వినబడదు. గడియారం చూశాను. అయిదున్నర నిమిషాలు దాటింది. పది. ఇరవై. ముప్పై అయిదు నిమిషాలు ఆమె లోపలే ఉంది. అంతసేపు ఏం చెబుతుంది? ఏడు జవాబులకు నాలుగు నిమిషాలు చాలు.

దిగివచ్చి, "చాయ్ తాగుదాం పా" అంది.

ఆసుపత్రి ఆవరణలో రేకుల కింద క్యాంటీను. ఆమె ఒక చాయ్ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. నాకు తేలేదు, నా నీళ్ల లెక్క ఆమెకు తెలుసు. ఊదుకుంటూ తాగింది. ఏం అడిగారని నేను అడగలేదు. ఏం చెప్పావని అడగలేదు. అమ్మ మాట కూడా ఎత్తలేదు. ఆమె ఒకటి రెండుసార్లు నావైపు చూసి మళ్లీ గ్లాసులోకి చూసింది. పదకొండు నిమిషాలు. నాకు ఈ లెక్క ఎప్పుడూ తప్పదు. గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని లేచింది. కాగితాలు చూసే అమ్మాయి కిటికీ దగ్గరికి పోయి ఏదో ఒక్క మాట చెప్పింది. బాత్రూము ఎక్కడని అడుగుతోందనుకున్నాను. తిరిగొచ్చి "ఇగ పోదాం" అంది. కొంతసేపటికి ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, కమిటీ ఓకే అంది, వచ్చే వారం చేరండి" అంది.

ఆపరేషను గదిలోకి ధైర్యంగా నడిచిపోయానని చెప్తుంటాను. స్ట్రెచరు మీద పడుకోబెట్టి తీసుకుపోయారు, కళ్లు మూసుకునే ఉన్నాను. పక్క గదిలోకి ముందే చెల్లెను తీసుకుపోయారు. ఆమె స్ట్రెచరు చక్రాల చప్పుడు విన్నాను. నాకోసం కాకపోతే ఆమె ఆ వేళకు పొలంలో ఉండేది. ఆ చప్పుడు దూరమవుతుంటే, ఆపండి అని ఒక్కసారి అరుద్దామనుకున్నాను. అనుకున్నాను, అంతే.

మూడో రోజు నన్ను ఉంచిన గది అద్దానికి అవతల చెల్లె కనిపించింది. పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని, వంగి, బావ భుజం పట్టుకుని వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. పెదవులు కదిలాయి. అద్దం అవతల మనుషులు మాట్లాడటం, నాకు వినబడకపోవడం స్టూడియోలో ముప్పై మూడేళ్లు చూసిందే. కానీ అప్పుడు అవతలివాళ్లు ఏం చెప్పాలో నాకు ముందే తెలిసేది. నర్సు బయటికి పోయి విని వచ్చింది.

"మీ చెల్లె అడుగుతుంది. ఒంటికి సక్కగ వస్తుందా అని."

మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచీ నిండుతోంది. చూపించాను. చెల్లె తల ఊపి, మెల్లగా వెనక్కి తిరిగింది.

ఇది జరిగి తొమ్మిదేళ్లు. పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి మాత్రలు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఆ కాగితం విప్పాలంటే ఇప్పటికీ భయమే. నాకోసం మాత్రమే కాదు. ఇది పాడైపోతే ఆమె ఇచ్చింది పాడుచేసినవాణ్ణవుతాను.

మొన్న వానాకాలం రావిర్యాలలో చెల్లె ఇంట్లో చిన్న ఫంక్షను. నేను మళ్లీ కథ మొదలుపెట్టాను, మూడుసార్లు వద్దన్న కథ. అందరూ పోయాక చెల్లె నా పక్కన కూర్చుంది.

"మూడుసార్లు వద్దన్నవా అన్నా?"

నేను చేతిలో గ్లాసు కింద పెట్టాను.

"బావను అడిగినవా అన్నవ్" అంది.

"యాదున్నదా నీకు?"

"ఎట్ల మర్చిపోత." ఆమె గొంతులో కోపం లేదు. "గప్పుడు అరుగు మీద నిన్నొకటి అడగాలంటే ఆగమన్నవు గద. గదే పోయి గా డాక్టరమ్మను అడిగిన. నేను వద్దంటే మా అన్నకు ఏమని చెప్తరమ్మా, అని."

"ఆమె ఏమన్నది?"

"చివరి పరీక్షల నీ కిడ్నీ సరిపడలేదని మేమే చెప్తం, నీ పేరు రాదు, మీ అన్నకు ఎన్నటికీ తెల్వదు అన్నది. బయటికి పోయి నిమ్మళంగ ఆలోచించుకుని, ఇంటికి పోయే ముందుగాల కిటికీ కాడ అమ్మాయికి అవునా కాదా చెప్పి పొమ్మన్నది."

"మరి చాయ్ తాగుతున్నప్పుడు..."

"గప్పుడే ఆలోచిస్తున్న."

ఆ పదకొండు నిమిషాలు మళ్లీ కళ్లముందుకు వచ్చాయి. ఆమె గ్లాసులోకి చూస్తుంటే ఆ గ్లాసులో నేనున్నానని నాకు తెలియదు.

"ఎందుకిచ్చినవ్ మరి?" అన్నాను.

"నువ్వు ఒక్క మాట మాట్లాడలె గద" అంది. "పుట్టినకాడి నుంచి నీ నోరు గంతసేపు ఊకున్నది నేను చూడలె. ఇగ వీడు నిజంగనే భయపడ్డడు అనుకున్న. నువ్వు గిట్ల అమ్మ, నాయిన అని ఏమన్న మొదలు పెడితే, ఇయ్యకపోయేదాన్నేమో. తెల్వదు."

ఆమె లేచి గిన్నెలు సర్దడానికి లోపలికి పోయింది. పోయేముందు ఆమె చూపులో, ఒకే ఒక్కసారి నన్ను నిజాయితీగా ఉండగా చూసినట్టు ఒక ఆదరం కనిపించింది. దాన్ని అలాగే ఉంచుకుందామనిపించింది. కానీ ఇంత రాశాక ఇదొక్కటి దాచడం కుదరదు.

ఆ రోజు నేను అమ్మ మాట ఎత్తాలనే కూర్చున్నాను. మొదటి వాక్యం సిద్ధంగా ఉంది. పొద్దుటి నుంచి భయంతో గుక్కగుక్కగా తాగి, నా లీటరు నీళ్లు మధ్యాహ్నానికే ముగించేశాను, తర్వాత చుక్క తాగలేదు. నోరు తెరవబోతే నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఊడి రాలేదు. రెండుసార్లు ప్రయత్నించాను. ఆమె నిజమైన భయం అనుకున్న మౌనం అదే.

చెల్లె ఇది తనే చదువుకోవడం కష్టం, అయిదో తరగతి దాకా చదివింది గానీ కళ్లజోడు పెట్టుకోదు. ఇది అచ్చయితే ఆమె కోడలు చదివి వినిపిస్తుంది. ఆ రోజు నేను రావిర్యాల పోయి అదే అరుగు మీద కూర్చుంటాను. నాలుక అతుక్కున్న ఆ పేరా దగ్గర ఆమె ముఖం చూడాలంటే ఇప్పటి నుంచే భయంగా ఉంది.